ఏసోబు తొడిగి చూడని బూటు

రెంటచింతల ఎండకు రాళ్ళే నెర్రెలిస్తాయి, బూట్ల జిగురెంత! పాపం, ఆ సంగతి కెనడా వాళ్ళకేం తెలుసు? ఎనభై ఆరు ఏప్రిల్‌లో చర్చి పండగలో నాట్యమాడడానికి వస్తూ, ఎర్రబూట్లన్నీ ట్రంకుపెట్టెలో కుక్కి బస్సు టాపు మీద వేయించారు. గుంటూరు నుంచి ఇక్కడికి చేరేసరికి ఎనిమిది జతల అడుగులు నోళ్ళు తెరిచాయి.

మధ్యాహ్నం ఫాదరుగారు వాటిని గోనెసంచిలో వేయించుకుని ఏసోబు ఇంటికి వచ్చారు.

"పొద్దుగూకేలోపు బాగుచెయ్యాల ఏసోబూ. వీళ్ళ తాతలు యుక్రెయిన్ అనే దేశం నించి కెనడాకి వలసపోయారంట. ఈ పిల్లలు ఆ దేశం మొహమే చూళ్ళేదు. అయినా తాతల ఆట వదల్లేదు. కాళ్ళు నేలకేసి కొడతా ఆడతారు. బూటు లేందే ఆట లేదు."

కాళ్ళు నేలకేసి కొట్టడమనగానే ఏసోబుకు గుబులు పుట్టింది. ఎందుకో తెలియాలంటే అతని పని తీరు తెలియాలి.

ఏసోబు కిర్రుచెప్పులు కుట్టే మనిషి. అతని చెప్పు మొదటిరోజు కూడా కాలు కొరకదని మాచర్ల దాకా పేరు. అందరూ చేతి మహిమ అనేవాళ్ళు. చేతి మహిమ కాదు, మట్టిగడ్డా కాదు. "తోలు సంగతి కాలికి తెలుస్తది గానీ చేతికేం తెలుసురా" అని అతని తండ్రి నేర్పిన పద్ధతి అది. ఏ జోడైనా పూర్తికాగానే తడిక మూసి, ఏసోబు దాన్ని తొడుక్కుని ఇంట్లోనే కంకర మీద పది అడుగులు నడుస్తాడు. ఆడవాళ్ళ జోడైతే భార్య కృపమ్మ నడుస్తుంది. ఎక్కడ గుచ్చుకున్నా, ఒరుసుకున్నా సరిచేసి, తుడిచి ఇస్తారు.

ఈ సంగతి ఊరి పెద్దలకు తెలిస్తే? మాదిగోడి కాలు దూరిన చెప్పులో మేం కాలు పెట్టామా అని పైన పడరూ? నిరుడే సముద్రం వైపు ఒక ఊళ్ళో, చెరువు నీళ్ళ దగ్గర మొదలైన మాటకు మాదిగపల్లె మీద పడి మనుషుల్ని నరికారు. ఆ కబురు విన్న రోజు నుంచి ఏసోబు తడికకు లోపల ఇంకో తాడు కూడా కడుతున్నాడు.

ఎనిమిది జతలూ దారంతో కుట్టే వ్యవధి లేదు. ముక్కు దగ్గర చీలలు కొట్టాడు. మామూలుగా లోపల ఇనపదిమ్మె పెట్టి కొడితే చీల మొన దానికి తగిలి మడత పడుతుంది. కానీ ఈ బూట్ల గొట్టాలు పిక్కల దాకా ఉన్నాయి. దిమ్మె ముక్కు దాకా పోదు, వేలూ అందదు. ఇక కాలే దిక్కు. మగవాళ్ళవి తను, ఆడవాళ్ళవి కృపమ్మ తొడిగి చూస్తూ, లోపలికి లేచిన మొనలు రెండు మూడు పట్టకారుతో తుంచుతూ ఏడు జతలు ముగించారు.

ఎనిమిదో జతలో ఎడమది చూసి, కుడిబూటుకు చీలలు కొట్టడం అయిపోతుండగా వాకిట్లో రాజ్‌దూత్ ఆగింది. ప్రభాకరరావు. పత్తి, మిరప పండించే పెద్ద ఆసామి, ఆటకు పందిరీ కుర్చీలూ ఇచ్చింది ఆయనే. ఆయన కాళ్ళకు ఏసోబు కుట్టిన కిర్రుచెప్పులే.

"ఏందిరా ఇంకా? జనం వచ్చేశారు. ఇటు తే!"

ఆయన ఎదుట ఆ బూట్లో కృపమ్మ కాలు ఎలా పెడుతుంది? ఏసోబు దాన్నీ సంచిలో వేసి అందించాడు.

బండి చప్పుడు దూరమయ్యాక కృపమ్మ అడిగింది, "ఆ కుడిదాని ముక్కుకాడ చీల మడతపడిందా?"

ఏసోబు గుర్తు చేసుకోబోయాడు. ఎంత తలుచుకున్నా తెలియలేదు.

ఇద్దరూ పరుగులాంటి నడకతో చర్చి దగ్గరికి పోయారు. స్టేజీ వెనక ఆటగాళ్ళు బూట్లు వేసుకుంటున్నారు. ఎనిమిదో జత హాల్యా అనే పిల్లది, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తల మీద పూలదండ పెట్టుకుని, బూటు గొట్టం పైకి లాక్కుంటోంది. ఆ పిల్ల ఎగిరి దూకి, అంత బరువుతో చీల మీద కాలు కొడితే? చెప్పకుంటే ఆ పిల్ల కాలు. చెబితే పల్లె. ముందు నుయ్యి, వెనక గొయ్యి.  పిల్ల లేచి నిలబడింది.

"ఫాదరుగారో! ఆ అమ్మిని ఆపండి! ఆ బూటు నేను చూడలా!"

ప్రభాకరరావు పక్కనే ఉన్నాడు. "చూడకపోవడమేందిరా? కుట్టింది నువ్వే గదా?"

"తొడిగి చూడలేదయ్యా."

"తొడిగా?"

"నేనో, మా ఆడమడిసో తొడిగి నడిచి చూస్తామయ్యా. గుచ్చుకోకుండా."

"ఈ బూట్లేనా?" ప్రభాకరరావు గొంతు తగ్గింది. "అన్నీనా?"

అబద్ధం చెప్పే సందు అక్కడే ఉంది. భయంలో అది కూడా తోచలేదు ఏసోబుకు. "అన్నీనయ్యా" అన్నాడు.

ప్రభాకరరావు తల వంచి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

ఫాదరుగారు ఇంగ్లీషులో చెప్పగానే హాల్యా మెట్టు మీద కూర్చుని బూటు లాగేసి, కృపమ్మ చేతిలో పెట్టింది. ఆమెకు అదేమీ వింతగా తోచినట్టు లేదు. కృపమ్మ తొడుక్కుని మూడడుగులు వేసింది, ఏమీ లేదు. నాలుగో అడుగు ఆటగాళ్ళలా నేలకేసి కొట్టింది.

"అబ్బా!"

బొటనవేలి కింద నెత్తురు బొట్టు లేచింది. ఏసోబు పట్టకారుతో మొన తుంచి, తోలుముక్క వేసి అణిచాడు. కృపమ్మ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని, మళ్ళీ తొడిగి కొట్టి చూసింది. "ఇప్పుడు ఆడమనండి" అంది.

ఆట అదిరిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. ఏసోబు మాత్రం చూడలేదు. అతని కళ్ళు ముందు వరసలో ప్రభాకరరావు కాళ్ళ మీదే ఉన్నాయి. సగం ఆటలో ఆ కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి. ఆట ముగిసేసరికి కుర్చీ ఖాళీ, దాని కింద చెప్పులు.

మూడు రోజులు ఏసోబు తడిక తీయలేదు. "సత్తెనపల్లి మా అక్క కాడికి పోదాం పద" అని కృపమ్మ ఏడ్చింది. "మనం పోతే పల్లె మీద పడతారే" అన్నాడు ఏసోబు. ఆకు కదిలినా ఉలిక్కిపడ్డాడు. 

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, కుక్క కూడా నీడ వదలని వేళ, రాజ్‌దూత్ వచ్చి ఆగింది. కృపమ్మ ఏసోబు చొక్కా పట్టుకుంది. ఏసోబు చేతులు జోడించుకునే తడిక తీశాడు.

ప్రభాకరరావు ఒక్కడే. కుంటుకుంటూ వచ్చాడు. కాళ్ళకు నరసరావుపేట షాపు చెప్పులు. మడమలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

"కొత్త జోడు కుట్టు" అన్నాడు, ఎటో చూస్తూ. "ఈటిని ఎవురూ తొడిగి చూసినట్టు లేరు."

"అయ్యా..."

"నడిచి చూసే ఇయ్యి. చూశానని మాత్రం ఎవురి కాడా నోరు జారమాక."

వారం తర్వాత జోడు తయారైంది. ఏసోబు తొడుక్కున్నాడు. కృపమ్మ తడిక మూయబోతే వద్దన్నాడు. వాకిట్లోకి దిగి, పట్టపగలు, పది అడుగులు నడిచాడు. భయం ఎక్కడికీ పోలేదు. కిర్రు చప్పుడు మాత్రం పల్లె చివరిదాకా వినపడింది.