డబ్బా ఆపింది నేనే

మా ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టిన విస్తరిలో జొన్నరొట్టె, బొచ్చె చేపల పులుసు, మామిడికాయ తొక్కు ఉన్నాయి. పక్కన ఒక సీసా కల్లు. ఇవన్నీ ఆయనకు ఇష్టమని నేను పెట్టించాను. వాటి పక్కనే ఒక స్టీలు గ్లాసులో ప్రోటీన్ పొడి కలిపిన పాలు ఉన్నాయి. వాటిని ఆయన అక్క, మా వదిన, శామీర్‌పేట నుంచి ఆటోలో ఒలకకుండా పట్టుకొచ్చింది.

మా వైపు ఆచారం ఇది. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోట పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడతారు. ముడితే పోయినవాళ్లకు ఏ కోరికా మిగల్లేదని అర్థం. ముట్టకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ రోజు కాకి ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేలోపు వదిన అందరికీ వినబడేలా అంది.

"ఎట్లొస్తది కాకి? గా పొడి మీదనే నా తమ్ముడు బతికిండు. పొడి బందయింది, వాని పానం బందయింది. ఎవలు బంద్ జేసిండ్రో ఆళ్లకు ఎరుకే."

అందరూ నా వైపు చూశారు. కాసేపటికి కాకి వచ్చి చేప ముక్క ఎత్తుకుపోయింది. గ్లాసు జోలికి పోలేదు. కొందరు అది నాకు అనుకూలమైన సాక్ష్యమన్నట్టు తలలూపారు. కాకి సాక్ష్యం నాకు అక్కర్లేదు. చేప కనబడితే కాకి వస్తుంది, అంతే.

వదిన అట్లా అనడానికి కారణం ఉంది. ముందు రోజు పెద్ద గిన్నె కోసం వంటింటి సజ్జ మీద వెతుకుతుంటే ఆమెకు ఆరు డబ్బాలు కనబడ్డాయి. ఆమె తమ్ముడి కోసం తెచ్చిచ్చిన డబ్బాలే. ఒక్కదాని మూత కూడా తీయలేదు.

ఆ డబ్బాల కథ చెప్పాలి. నేను మేడ్చల్‌లో ఒక గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్. మా ఇంట్లో తిండికి ఎప్పుడూ లోటు లేదు, ఆర్భాటమూ లేదు. రొట్టె, పప్పు, ఏదో ఒక ఆకుకూర, పెరుగు, గుడ్డు. ఆదివారం శామీర్‌పేట చెరువు చేప. షుగర్ వచ్చాక అన్నం తగ్గించారు, రొట్టె పెంచారు. అయినా రిటైరైన తర్వాత మనిషి చిక్కిపోయారు. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు.

సరిగ్గా ఆ సమయంలో వదిన ఒక పొడి కంపెనీలో చేరింది. దుకాణాల్లో అమ్మే పొడి కాదది. ఒకరు చేరి ఇంకొందరిని చేర్చాలి. ఆదివారాలు దూలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టేవాళ్లు. మోకాళ్ల నొప్పులు తగ్గాయని ఒకరు, షుగర్ దిగిందని ఇంకొకరు స్టేజీ ఎక్కి చెబితే మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. వదినకు ఛాతీ మీద పెట్టుకునే బిళ్ల కూడా ఇచ్చారు. పెళ్లయిన నాటి నుంచి పొలం, బర్రెలు తప్ప వేరే లోకం లేని మనిషి. ఆయన నవ్వేవారు. "మా అక్క ఎన్నడన్న స్టేజీ ఎక్కిందా? ఇప్పుడు మైకు ఇడుస్తలేదు."

ఆమె మోసగత్తె కాదు. ఆ పొడిని ఆమె కూడా రోజూ తాగేది. మొదటి డబ్బా తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టినప్పుడు ఆమె కళ్లలో ఉన్నది ప్రేమే. నాకు ఇప్పటికీ అందులో అనుమానం లేదు. అందుకే ఆ డబ్బాతో పోట్లాడటం అంత కష్టమైంది.

రెండు నెలలు తాగారు. తర్వాత రక్తపరీక్షలో షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలింది. మేడ్చల్‌లో మేము చూపించుకునే డాక్టరమ్మ ఏమేం తింటున్నారని అడిగింది. నేను సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. ఆమె దాని ముందు వైపు చూడనే లేదు. తిప్పి వెనక చదివింది.

"ఎవరిచ్చిండ్రు ఇది?"

"మా అక్క," అన్నారాయన, తప్పు చేసిన పిల్లాడిలా.

"అక్క మంచిదే. గీ కిడ్నీలకు ఇంత ప్రోటీన్ బరువైతది. ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్యుండ్రి. ఏం తినాల్నో నేను రాసిస్త."

ఇంటికొచ్చే దారిలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఇగో, అక్కకు చెప్పకు. మనసు నొచ్చుకుంటది. తాగుతున్న అనే చెప్త."

మాటిచ్చాను. వదిన నెలనెలా డబ్బా తెచ్చేది. "తాగుతున్నవా తమ్మీ?" అంటే "తాగుతున్న అక్కా" అనేవారు. ఆమె బస్సెక్కగానే డబ్బా సజ్జెక్కేది. ఆరు నెలల తర్వాత ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఆయన కూలిపోయారు. గుండె ఆగిందన్నారు.

ఆపడం వల్ల ఆయన ఎక్కువ రోజులు బతికారని నేను చెప్పను. నాకు తెలియదు. కానీ ఆపడం వల్ల పోయారని ఎవరినీ చెప్పనివ్వను. ఈ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది. ఎందుకంటే నేను మాటిచ్చిన మనిషి బతికి లేడు. ఆ మాట నుంచి నన్ను విడిపించేవాళ్లు లేరు.

పెద్దకర్మ అయ్యాక వరుసగా మనుషులు వచ్చారు. ఓదార్పు మాటలు దొరకనివాళ్లు డబ్బాలు తెచ్చారు. ఎముకలకని, జుట్టుకని, నిద్రకని, చేపనూనె అని. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆయన పోయిండు సరే, నువ్వన్న బతకాలె గద" అంటూ ఒళ్లో నాలుగు సీసాలు పెట్టింది. నాకు ఏం తక్కువైందో ఒక్కరూ అడగలేదు. ఆరోగ్యంగా తినే మనిషికి ఇవన్నీ ఎందుకని నేను అడిగితే, "తింటే పోయేదేముంది?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఉంది. కానీ చెప్పే వీలు లేదు. అందరి డబ్బాలూ ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. పొగరన్నారు. అననిచ్చాను.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. తిండి చాలు, డబ్బాలు వద్దు అని వాదించిన నేను ఆ తిండే మానేశాను. ఒక్కదాని కోసం చేప ఏం తేవాలని మానేశాను. గుడ్డు మానేశాను. పాలు తోడుపెట్టడం మానేశాను. ఇంత అన్నం, ఇంత పచ్చిపులుసు. నెలలు గడిచేసరికి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అదంతా దుఃఖమే అనుకున్నాను.

డాక్టరమ్మ పరీక్ష చేయించి, బి పన్నెండు విటమిన్ బాగా తగ్గిందని చెప్పింది. గోలీలు రాసింది.

"తిండితో రాదా?" అన్నాను.

"వస్తది. తింటే వస్తది. తింటున్నరా?"

"అన్నం, పచ్చిపులుసు," అన్నాను.

"ఇంత తగ్గినంక తిండొక్కటే చాలదు. మూడు నెలలు గోలీలు వేసుకోండి. చేపలు, గుడ్లు, పెరుగు మళ్ల మొదలుపెట్టండి. మళ్ల పరీక్ష చేసి చూద్దాం. మీది షోకు కాదు, లోటు."

ఆ చీటీని రెండు వారాలు పుస్తకంలో పెట్టుకున్నాను. మందుల దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లాను, లోపలికి పోలేదు. ఆయనకు డబ్బా ఆపిన చేత్తో నేను గోలీ మింగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అనిపించింది. ఇన్నేళ్లు చదివిన దాన్ని, ఇంత సాదా తేడా పట్టుకోవడానికి రెండు వారాలు తీసుకున్నాను. డాక్టరమ్మ రెండుసార్లూ చేసింది ఒకటే పని. రక్తం చూసి చెప్పింది. ఆయనకు వద్దంది, నాకు కావాలంది. నేను ఆమె మాట ఒకసారి విని ఇంకోసారి వినకపోతే, నేనూ ఫంక్షన్ హాల్లో చప్పట్లు కొట్టేవాళ్లలాంటిదాన్నే. వెళ్లి గోలీలు కొన్నాను. ఆ ఆదివారం చేప కూడా తెచ్చాను.

సంవత్సరీకం రోజు బంధువులంతా వచ్చారు. వదిన మళ్లీ గ్లాసు పట్టుకొచ్చింది. ఫోటో ముందు పెట్టిన విస్తరి పక్కన దాన్ని పెట్టి, ఉప్పు కోసమని వంటింట్లోకి పోయింది. బయటికొచ్చినప్పుడు ఆమె చేతిలో నా గోలీల పట్టీ ఉంది. నేను దాన్ని దాచలేదు. ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది.

"సూడుండ్రి," అంది పట్టీ ఎత్తి పట్టుకుని. "నా తమ్మునికి తిండే సాలన్నది. తనకేమో ఇటమిన్ గోలీలు. ఏమే మర్దలా, నీ పానం పానం, వానిది కాదా?"

ఎవరో "ఇయ్యాలెందుకు తియ్యి వదినె" అన్నారు. నేను చేతిలోని గరిటె కింద పెట్టాను.

"అవును, డబ్బా ఆపింది నేనే. వదినా, నీ తమ్మునికి కిడ్నీలు పాడైనయి. గా పొడి తాగొద్దని డాక్టరమ్మ నా ముంగట చెప్పింది. నేను ఆపిన. మళ్ల గదే దినమొస్తే మళ్ల ఆపుత. నాకు లోటున్నదని గా డాక్టరమ్మనే చెప్పింది. ఏసుకుంటున్న."

"అబద్దం. తాగుతున్న అక్కా అనేటోడు వాడు. నెలనెలా అడిగిన. నువ్వే వానికి ఉత్త పాలిచ్చి మాయ జేసినవ్."

"నీ మనసు నొస్తదని. నేను గూడ నీకు చెప్పొద్దని మాట తీసుకున్నడు. గా మాట కోసమే గిన్ని దినాలు నీతోని మాటలు పడ్డ. ఇగ పడ."

అట్లా మాట తప్పాను. ఫోటోలో ఆయన మొహం ఎదురుగానే ఉంది. పశ్చాత్తాపం కలగలేదు, ఇప్పుడూ లేదు. పోయినవాళ్ల మర్యాద కోసం బతికున్నవాళ్లు నింద మోయాలని ఎక్కడా రాసిలేదు.

వదిన అరుగు మీద కూర్చుండిపోయింది. తమ్ముడు తనకు అబద్ధం చెప్పాడన్నదే ఆమెను ఎక్కువ దెబ్బ కొట్టిందని నాకు అర్థమైంది. నాకు జాలి వేసింది, కానీ తగ్గాలనిపించలేదు. సజ్జ మీది నుంచి ఒక డబ్బా దించి ఆమె ఒళ్లో పెట్టాను.

"దీని వెనక ఏమున్నదో ఎన్నడన్న చదివించుకున్నవా?"

"నాకు ఇంగ్లీషెక్కడిది? అన్నీ స్టేజీ మీదనే చెప్తరు గద."

డబ్బా తిప్పి వేలు పెట్టి చూపించాను. ముందు వైపు బంగారు రంగులో పెద్ద అక్షరాలు, నవ్వుతున్న కుటుంబం. వెనక అన్నిటికంటే కింద, బియ్యపు గింజంత అక్షరాల్లో ఒక వరస. దాన్ని ఆమెకు తెలుగులో చదివి చెప్పాను. ఇది మందుగా వాడటానికి కాదు.

"మళ్ల సదువు."

మళ్లీ చదివాను. ఇన్నాళ్లూ ఆమె అమ్మిన ప్రతి డబ్బా మీదా ఆ వరస ఉంది. ఆమె కళ్లద్దాలు సవరించుకుని, చదవడం రాని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"గంత సిన్నగ ఎందుకు రాసిండ్రే?" అంది.

జవాబు ఆమెకు తెలుసు. లేచి వెళ్లి ఫోటో ముందు నుంచి తన గ్లాసు తానే తీసింది. పారబోయలేదు. నిలబడి, తానే తాగేసి, గ్లాసు కడిగి సంచిలో పెట్టుకుంది. నాకు క్షమాపణ చెప్పలేదు. నేను ఎదురుచూడలేదు. భోజనాల దగ్గర చేప ముక్క రెండోసారి వేయించుకుంది. ఆరు డబ్బాలూ వెనక్కి తీసుకుపోయింది, ఏం చేసిందో అడగలేదు.

గోలీల పట్టీ ఇప్పటికీ ఉప్పు డబ్బా పక్కనే, అందరికీ కనబడేలా ఉంది. వచ్చే నెల మళ్లీ పరీక్ష. లోటు తీరిందని డాక్టరమ్మ చెప్పిన రోజు అవి కూడా ఆగిపోతాయి. ఎవరైనా అడిగితే, ఆపింది నేనే అని చెబుతాను.