ఆసుపత్రి లైను తర్వాతే డాలర్ల లైను

1998 అక్టోబరు మూడో మంగళవారం, పొద్దున పదకొండున్నర గంటలకు, ఉదయగిరి బస్టాండు వెనక నీళ్ల పైపు కోసం గుంత తీస్తుంటే గడ్డపార దిగి ఊరి ఫోన్లన్నీ నడిచే టెలిఫోను కేబులు తెగింది. అక్కడ లైన్‌మన్‌ని నేను. మజ్దూరుగా, అంటే గుంతలు తవ్వే కూలీగా చేరి, ముప్ఫై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని, పరీక్ష రాసి ఆ హోదాకు వచ్చాను.

కేబులు లోపల సన్నటి రాగి తీగలు జతలుగా ఉంటాయి, ఒక్కో ఫోనుకు ఒక జత. తెగితే గుంతలో కూర్చుని, రంగులు చూసుకుంటూ ఒక్కో జతనే మెలిపెట్టాలి. ఊరందరికీ ఒకేసారి రాదు. అందుకే మా లైన్‌మన్లలో ఒక వరస ఉండేది. ముందు ఆసుపత్రి, తర్వాత పోలీసు స్టేషను, ఆ తర్వాతే మిగతావాళ్లు.

ఆ కేబుల్లోనే కాదర్ బాషా అద్దె లైను కూడా ఉంది. నంబరు తిప్పే పని లేకుండా రాత్రింబగళ్లు తెరిచి ఉండే లైను అది. కాదర్ కువైట్‌లో డ్రైవరుగా ఎనిమిదేళ్లు చేసి వచ్చి, అక్కడే ఉన్న అన్న పేరు మీద డాలర్లు, జపాను యెన్లు కొని అమ్మే వ్యాపారం పెట్టాడు. కొనేదీ అమ్మేదీ ఒక కంప్యూటరు ప్రోగ్రాము. అది నడిచేది మద్రాసులో. అక్కడ పెద్ద కంప్యూటరును అరలుగా చేసి అద్దెకిస్తారట. ఒక అర ఇతనిది. లైను ఇచ్చిన రోజు నాకు చూపించి మురిసిపోయాడు.

"ఈడ ఉండేది ఉత్త బొమ్మే యోహానన్నా. అసలు మిషను ఆడ ఉండాది. మనకు కరెంటు పోయినా, నేను పండుకున్నా, అది కొంటానే ఉంటాది, అమ్ముతానే ఉంటాది."

"మరి నీతో ఏం పనిరా దానికి?"

"వద్దనుకున్నప్పుడు ఆపేదానికి!"

ఆ మంగళవారం ఆపాల్సి వచ్చింది. యెన్ ధర అడ్డం తిరిగింది. ఆపమని టైపు చేసేలోగా తెర మీద బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. కాదర్ లుంగీ ఎగగట్టి గుంత దగ్గరికి ఉరికొచ్చాడు.

"అన్నా, అది కొంటానే ఉండాది. నా కువైట్ కష్టం పోతాది, మా అన్న సొమ్మూ పోతాది. ముందు నాది కలుపన్నా!"

"ఆసుపత్రి అయినాక."

మా పై అధికారి, జూనియర్ ఇంజినీరు (జె.ఇ.) గారు ఆ పొద్దున ఆత్మకూరు నుంచి తనిఖీకి వచ్చి ఉన్నారు. అద్దె లైను ఆగితే పైవాళ్లు ఆయన్ని అడుగుతారు. కనుక ముందు దాన్నే కలపమన్నారు. ఫోను ఇంకా పనిచేస్తున్న ఎక్స్ఛేంజికి పోయి మద్రాసుకు ఫోన్ చేసుకుంటానని కాదర్ బతిమాలితే మాత్రం, బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదని రూలు చెప్పారు.

గుంతలోంచి తలెత్తాను. "ఆ రూలు ఉండాది గదా సార్. ఆసుపత్రి ముందనే ఈ రూలూ ఉండాది."

"ఇది ఆర్డరు యోహాను."

"అట్టయితే దిగి మీరే కలపండి సార్. నా చేత్తో మాత్రం ఆసుపత్రే ముందు."

ఆయన దిగలేదు.

"నువ్వు మనిషివేనా?" అని కాదర్ అరిచాడు. "ఆస్పత్రిలో ఎవుడన్నా చస్తాండాడా ఇప్పుడు? చస్తాండేది నేను!"

ఆసుపత్రి జత కలిపి, పరీక్ష ఫోను తగిలించి మోగించాను. కాంపౌండరు ఎత్తాడు. మీ ఫోను మద్రాసుకు పోతుందా అంటే పోతుందన్నాడు. "ఉరుకు. నోటితో చెప్పి ఆపించుకో" అని కాదర్‌ను పంపి, పోలీసు స్టేషను జత అందుకున్నాను.

మద్రాసువాళ్లు ఆపారు. అప్పటికే కాదర్ సంపాదనలో సగం పైన పోయింది. అన్న సొమ్ము మిగిలింది. అతని జతే ముందు కలిపి ఉంటే ఇంకొంత దక్కేది, అది నిజం. కాదర్ చాలాకాలం నా ముఖం చూడలేదు. అదీ న్యాయమే.

నాకు మెమో వచ్చింది. ఎవరిచేతనైనా జవాబు రాయించుకోమని ఆత్మకూరు ఆఫీసులో గుమాస్తా సలహా ఇచ్చాడు. నేనే రాశాను, పెద్ద పెద్ద అక్షరాలతో: "ఆర్డరు వినలేదు. మళ్లీ తెగినా ఇట్లే చేస్తాను." ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆపుకోనీ.

ఆ పూట ఆసుపత్రికి బయటినుంచి ఒక్క ఫోనూ రాలేదు. దాంతో నాదే తప్పని తేలిందన్నారు జె.ఇ. గారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. వరస అనేది ఫోను రాకముందే ఉండాలి. ఇక, దూరాన ఉన్న మిషనును నమ్ముకున్నవాడు మధ్యలో ఉన్న తీగను కూడా లెక్కలో వేసుకోవాలి. నాకు తెలిసింది ఇంతే.

ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లు: జె.ఇ. మాధవరావు గారు, కాదర్ బాషా, గడ్డపార వేసిన పెంచలయ్య, మట్టి ఎత్తిన అతని భార్య రమణమ్మ. ఫోను అవతల కాంపౌండరు దావీదు. గుంతలో నేను.