సపోర్టు వెంగయ్య గోడ

దుత్తలూరు మండలంలో చిన్న బడిలో పంతులమ్మను. టెండర్ల సంగతి నాకేం తెలుసు? వెంగయ్య మేస్త్రి పుణ్యమా అని తెలిసింది.

వెంగయ్య కాంట్రాక్టరుగా లైసెన్సు తీసుకుని పదకొండేళ్ళు. నలభైకి పైగా టెండర్లు వేశాడు, ఒక్కటీ గెలవలేదు. గెలవకపోవడమే ఆయన పని! ఆత్మకూరులో ఒక టిఫిను హోటల్లో కాంట్రాక్టర్లంతా కూర్చుని, ఈసారి పని ఎవరిదో దోసెలు తింటూ తేల్చేస్తారు. పోటీ ఉన్నట్టు కనబడాలి కాబట్టి మిగతావాళ్ళు ఎక్కువ రేటుకు వేస్తారు. దానికి ‘సపోర్టు’ అని ముద్దుపేరు. మా వైపు పనులన్నీ ఆదినారాయణకు, సపోర్టు వెంగయ్యది. ఆదినారాయణ గెలిచిన పనుల్లో సగం మళ్ళీ కూలికి కట్టేదీ వెంగయ్యే. ఇది వింటే ఒళ్ళు మండదూ?

అలా ఆదినారాయణ పేరు మీద లేచిన మా బడి ప్రహరీ మూడేళ్ళకే ఒక వానకు పడిపోయింది. ఆదివారం కాబట్టి పిల్లలు బతికిపోయారు.

కొత్త గోడకు టెండరు పిలిచారు. ఈసారి రెండు షరతులు పెట్టారు: కాంట్రాక్టరు పేరు, ఫోన్ నంబరు గోడ పక్కన బోర్డు మీద రాయాలి. రెండేళ్ళదాకా ఏం పాడైనా వాళ్ళే బాగుచేయాలి. ఆదినారాయణ మామూలుగానే సపోర్టు అడిగాడు. వెంగయ్య సరేనన్నాడు కానీ, ఇంట్లో భార్య ఎస్తేరమ్మ ఒప్పుకోలేదు.

“మన నిరోష ఆ గోడ పక్కనే ఆడుకుంటాది. ఈ పని నువ్వే తీసుకో, నువ్వే సరిగ్గా కట్టు” అంది. మనవరాలి పేరెత్తేసరికి ఆయన టెండరు కాగితాలు బయటికి తీశాడు.

మర్నాడు ఉదయగిరి నెట్ సెంటర్లో, ఆయన టెండర్లు కంప్యూటర్లో ఎక్కించే లిఖిత అలవాటుకొద్దీ ‘అంచనాకు ఐదు శాతం ఎక్కువ’ అని కొట్టేసింది.

“ఏంది పాపా అది?”

“ఎప్పుడూ అదే గదా మామా.”

“ఈసారి తక్కువకి. మూడు శాతం తక్కువ.”

లిఖిత ఆయన మొహం వంక చూసింది. “గెలుస్తావేమో మామా!”

“నా భయమూ అదే.”

గెలిచాడు. “మాటిచ్చి తప్పుతావేందిరా?” అని ఆదినారాయణ ఫోనులో అరిచాడు. “తప్పే అన్నా, మాట తప్పినాను. పని మాత్రం చేస్తాను” అన్నాడు వెంగయ్య.

గోడ లేచింది, బోర్డూ లేచింది. ఇక చూడాలి తమాషా! బోరు మోటారు చెడినా, వీధిలైటు పోయినా ఊరంతా ఆ నంబరుకే ఫోను. పాపం, అందరికీ ఓపిగ్గా సమాధానం చెప్పేవాడు.

తొలి వాన తర్వాత గోడమీద వెంట్రుకంత బీట కనబడితే నేనూ ఫోన్ చేశాను. అరగంటలో తాపీ పట్టుకుని వచ్చాడు. పైపూత మాత్రమే చిట్లింది. అయినా చెక్కేసి కొత్తగా పూస్తున్నాడు.

“పాత గోడ పడినప్పుడు ఎవరిని అడగాలో కూడా తెలియలేదు వెంగయ్యా” అన్నాను.

చెయ్యి ఆగింది. “అది కట్టిందీ నేనే మేడం. సిమెంటు తగ్గించమన్నారు, తగ్గించినాను.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. గోడ అవతల నిరోష తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. కోపం ఉండగానే, బోర్డు మీద ఆయన నంబరు సిమెంటు చిందులు పడి మాసిపోయిందని, నా కొంగుతో తుడిచాను.