ఎర్త్ లేని గిటారు

2023 ఫిబ్రవరి. భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల పక్కన ఒక రిసార్టు ఉంది. దాని వెనక ఇసుక మైదానంలో పెద్ద గిటార్ కచేరీ పెట్టారు. దేశంలో పేరున్న గిటార్ వాళ్లు ఆరుగురు ఒకే స్టేజీ మీదికి వస్తున్నారన్నారు. సౌండ్ పని నాకు అప్పజెప్పారు.

మాది విజయనగరం. మా నాన్న మైకు సెట్టు నడిపేవాడు. ఆయన తర్వాత నేను నడుపుతున్నాను. కొత్తగా పరిచయమైనవాళ్లు సౌండ్ ఇంజినీర్ అంటారు, ఊళ్లో మాత్రం మైకుసెట్టు పార్వతి అంటారు. పెళ్లిళ్లు, హరికథలు, కాలేజీ ఫంక్షన్లు, ఎన్నికల సభలు అన్నీ చేశాను. నా నోరు మంచిది కాదని పేరు. నా పనికి మాత్రం ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

ఆ కచేరీలో మూడు రకాల సంగీతం. బ్లూగ్రాస్ అంటే అమెరికా పల్లెల పాట. బాంజో, ఫిడేలు, మామూలు గిటారు పట్టుకుని అందరూ ఒకే మైకు చుట్టూ మూగి పాడతారు. చూస్తే మన పల్లెల్లో జముకు వాయిస్తూ కథలు పాడే జముకుల పాటవాళ్లు గుర్తొచ్చారు. రాక్ అంటే మీకు తెలుసు, కరెంటు గిటారు, చెవులు గింగురుమనే మోత. మూడోది బ్లూస్. అక్కడి నల్లవాళ్లు కష్టాన్ని నమిలి నమిలి పాడుకున్న పాట. ఆ బ్లూస్ వాయించే పెద్దాయన పేరు ఆంథొనీ గారు. డెబ్బై దాటాయి. మిగతా ఐదుగురూ ఆయన మీద గౌరవంతోనే వచ్చారట.

ఆంథొనీ గారు రైల్వేలో గూడ్స్ గార్డుగా చేశారు. చాలా ఏళ్లు ఆమదాలవలసలో ఉన్నారు. అందుకని ఇంగ్లీషు మనిషిలా కనిపించే ఆయన నోటెంట మన మాటే వస్తుంది. మధ్యాహ్నం సౌండ్ చెక్‌కి, అంటే కచేరీకి ముందు మైకులూ వాయిద్యాలూ సరిచూసుకునే పనికి, వచ్చి నన్ను చూసి, "ఏటమ్మా, నువ్వేనా మా గొంతులు జనానికి అందించేది? మా సెడ్డ గొంతులు కాస్త సూసుకో" అన్నారు. అప్పుడే నాకు ఆ మనిషి నచ్చేశారు.

కష్టం ఆ సౌండ్ చెక్‌లోనే మొదలైంది. నా స్పీకర్లకీ మైకులకీ రిసార్టు కరెంటు. గిటార్ ఆంప్లిఫయర్లకి మాత్రం జనరేటర్ కరెంటు. ఆంప్లు ఆన్ చెయ్యగానే స్పీకర్లలో గుయ్‌మని రొద. మా లైన్లో దాన్ని హమ్ అంటాం. కచేరీ పెట్టిన కిరణ్ అనే అబ్బాయి తల పట్టుకున్నాడు. జనరేటర్ మా సింహాచలం బావది, నా మేనమామ కొడుకు. "నాను సూస్తాను, మీరు కంగారు పడకండి" అంటూ స్టేజీ కిందికి దూరాడు. కాసేపటికి రొద ఠక్కున ఆగిపోయింది. స్టేజీ మీదున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

నేను మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఎందుకో చెప్తాను. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా ఉండేది ఎర్త్ పిన్ను. యంత్రం లోపల కరెంటు దారి తప్పి దాని ఒంటి మీదికి వస్తే, మనిషికి తగలకుండా భూమిలోకి లాక్కుపోయే తీగ అది. మన పక్క మైకుసెట్టు వాళ్లలో ఒక పాడు అలవాటుంది. హమ్ రాగానే ఆ ఎర్త్ తీగ పీకేస్తారు. రొద పోతుంది, పందిట్లో అందరూ భేష్ అంటారు. పెళ్లిలో పాటలు వేసుకున్నంతసేపూ ఏమీ కాకపోవచ్చు. గిటారు అలా కాదు. గిటారు తీగలు ఇనప తీగలు, అవి ఆంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి. వాయించేవాడి చేతులు తీగల మీద, పెదాలు మైకు మీద. ఆ మైకు నా కరెంటు లైన్లో ఉంటుంది. రెండింటి మధ్య తేడా వస్తే కరెంటు చేతిలోంచి పెదాల్లోకి, మధ్యలో గుండె మీదుగా పోతుంది.

బావని పక్కకి పిలిచాను. "ఏటి సేసావు బావా?"

"ఏటీ సెయ్నేదు. లూజు కనెక్షను బిగించినాను. రొద పోయిందా నేదా?"

"ఎర్త్ పీకినావా?"

"ఓలమ్మ, నీ అనుమానం తగలెయ్య! నానేటి సిన్నపిల్లోడినా? మీ నాన్న కాడ పని నేర్సుకున్నోణ్ణి."

నాన్న పేరెత్తితే నేను మెత్తబడతానని వాడికి తెలుసు. అప్పుడే ఆంథొనీ గారు గిటారు దించుతూ, "వేల్లు సిమసిమలాడతన్నాయమ్మా" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వారు. "ఏం లేదులే, షుగరుంది కదా, రోజూ ఉన్నదే." అప్పటికి ఆయన కాళ్లకి రబ్బరు అడుగు బూట్లున్నాయి, స్టేజీ పొడిగా ఉంది. షుగరే అయ్యుండొచ్చు. కాకపోతే?

మల్టీమీటర్ తీసుకున్నాను. కరెంటు ఎక్కడెంత ఉందో చూపే చిన్న యంత్రం అది. దాన్ని పట్టుకుని స్టేజీ ఎక్కబోతే డెకరేషన్ వాళ్లు అడ్డం వచ్చారు. "అమ్మా, పూజ మొదలెట్టేస్తన్నాం, దిగండి." మన దగ్గర స్టేజీకి పూజ చెయ్యనిదే ఏ ప్రోగ్రామూ మొదలవదు కదా. పసుపు నీళ్లు చల్లారు. మైకుల ముందే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లు చెక్కల మీద పారి, వేసిన తివాచీలోకి ఇంకిపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది గానీ పూజ దగ్గర ఏమంటాం? అది అవ్వగానే గేట్లు తీసేశారు. జనం బిలబిలమంటూ వచ్చి పడ్డారు. యాంకరమ్మ మాట్లాడ్డం మొదలుపెట్టింది. నన్ను మిక్సర్ దగ్గరికి పిలిచేశారు. మిక్సర్ ఉండేది జనం మధ్యలో, స్టేజీకి చాలా దూరంలో.

లోపల లెక్క వేసుకున్నాను. ముందు బ్లూగ్రాస్ వాళ్లు, వాళ్లకి ఆంప్లు లేవు, భయం లేదు. తర్వాత రాక్ అతను, పాడడు, పైగా మందపాటి బూట్లు. ఆ తర్వాతే ఆంథొనీ గారు. కిరణ్ చెయ్యి పట్టుకుని ఆపి, "ఆంథొనీ గారు ఎక్కే ముందు నాకు ఐదు నిమిషాలు కావాలి. లైను చూడాలి" అన్నాను.

"అలాగే అక్కా, తప్పకుండా."

ఒట్టేయించుకోవాల్సింది! బ్లూగ్రాస్ వాళ్లు వాయిస్తుంటే జనం ఈలలు. బాంజో అమ్మాయి మెరుపులాగా వాయించింది. నా చేతులు మిక్సర్ మీదున్నాయి, కళ్లు మాత్రం స్టేజీ చివర బెంచీ మీద కూర్చున్న ఆంథొనీ గారి మీద. రాక్ అతను వాయిస్తుంటే నా గుండె ఆ డ్రమ్ముల కన్నా గట్టిగా కొట్టుకుంటోంది. అతని పాట అయిపోయింది. నేను మీటరు తీసుకుని లేచాను. ఐదు నిమిషాలు కాదు కదా, ఐదు క్షణాలు కూడా ఇవ్వలేదు. యాంకరమ్మ మైకందుకుని, "ఇప్పుడు మనందరం ఎదురుచూస్తున్న..." అని ఆయన పేరు పిలిచేసింది.

ఆంథొనీ గారు లేచారు. మెట్ల దగ్గర వంగి బూట్లు విప్పారు. తర్వాత తెలిసింది, ఆమదాలవలసలో నేర్చుకున్నారట, స్టేజీని కళ్లకద్దుకుని వట్టి కాళ్లతో ఎక్కడం. మెట్టుని ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. జనం లేచి చప్పట్లు. ఆయన వట్టికాళ్లతో నడిచి వచ్చి, సరిగ్గా కొబ్బరినీళ్లు పారినచోట, ఆ తడి తివాచీ మీద నిలబడ్డారు. గిటారు భుజానికి తగిలించుకున్నారు. ఎడమచేతి వేలికి ఇత్తడి గొట్టం తొడుక్కున్నారు, తీగల మీద జార్చి వాయించడానికి. ఇంక మైకు వైపు వంగబోతున్నారు.

పరిగెత్తినా అందుకోలేను. మైకు ఆపేస్తే శబ్దం ఆగుతుంది గానీ కరెంటు ఆగదు. మిక్సర్ మీద టాక్‌బ్యాక్ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే నా మాట స్టేజీ మీదికి వినబడుతుంది. నొక్కేశాను. కంగారులో పెద్ద స్పీకర్లకి కూడా వదిలేశాను కాబోలు, నా గొంతు మైదానమంతా మోగిపోయింది.

"ఆంథొనీ గారూ! మైకు ముట్టుకోకండి! చేతులు తియ్యండి!"

ఆయన మైకుకి జానెడు దూరంలో ఆగిపోయారు. జీవితమంతా ఎర్ర జెండాతో రైళ్లు ఆపిన మనిషి, ఆగమంటే ఎందుకని అడగలేదు. రెండు చేతులూ గాల్లోకి ఎత్తేశారు.

జనం గోల. ఎవరో "దించెయ్యండి ఆవిణ్ణి" అని కూడా అరిచారు. నేను జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాను. కిరణ్ ఎదురొచ్చాడు. "అక్కా, ఏం చేశారు! పెద్దవాళ్లంతా ముందు వరసలో ఉన్నారు, పరువు తీసేశారు!"

"నీ పరువు తర్వాత చూద్దాం, పక్కకి జరుగు!"

నిజం చెప్పాలంటే మెట్లెక్కుతుంటే ఇంకో భయం పట్టుకుంది. మీటరు ఏమీ చూపించకపోతే? ఇంతమంది ముందు పెద్దాయన్ని ఆపేసి, ఉత్తిదే అని తేలితే మళ్లీ ఈ జిల్లాల్లో నన్ను పిలిచేదెవరు? మీటరు ఒక మొన మైకు జాలీకి పెట్టాను, ఇంకో మొన గిటారు తీగకి. అంకె పైకి పాకింది. వంద వోల్టులు దాటింది. ఇంకా పోతోంది.

బావ అప్పటికి స్టేజీ అంచున నిలబడి ఉన్నాడు. ఆ అంకె చూసి మొహం పాలిపోయింది. "పీకినాను పార్వతీ" అన్నాడు మెల్లిగా. "అందరూ సేసేదే కదా."

"అందరూ సేసేదేనా? ఇప్పుడు ఈయన పోతే ఆ అందరూ వస్తారేటి, ఈయన్ని లేపడానికి?" అని అరిచేశాను. మేనమామ కొడుకని కూడా చూడలేదు. వాడు స్టేజీ కిందికి దూరిపోయాడు.

తీగ కలిపాడు. అంకె తగ్గింది గానీ పూర్తిగా పడలేదు. స్టేజీ పక్కన జనరేటర్ దగ్గర భూమిలో దింపిన ఇనప కడ్డీ ఉత్త పొడి ఇసుకలో ఉంది. పొడి ఇసుక కరెంటుని లాక్కోదు. తడి కావాలి, అదీ ఉప్పు తడి అయితే మరీ మంచిది. జనం రాకుండా కట్టిన తాడుకి అవతల, జనరేటర్ పక్కనే, పల్లెలోంచి వచ్చిన చేపల ఆడవాళ్లు కచేరీ చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో అప్పలనరసమ్మ అనే ఆవిడ నన్ను చూసి, "ఏటైనాది అప్పా, పాట ఆపేసినావు?" అంది. అప్ప అంటే మా పక్క అక్క.

"ఉప్పునీళ్లు కావాలి తల్లీ. ఎన్ని తెస్తే అన్ని."

"ఓలమ్మోలమ్మ, సముద్రం పెట్టుకుని ఉప్పునీల్లు అడుగుతన్నావా! రండే!" అని మిగతావాళ్లని కేకేసింది. చేపలు మోసే ప్లాస్టిక్ టబ్బులు నెత్తిన పెట్టుకుని వరసగా తెచ్చారు. బావ చేతులతోనే ఇసుక తవ్వి కడ్డీని ఇంకా కిందికి దిగ్గొట్టాడు, వాళ్లు చుట్టూ పోశారు. నేను మళ్లీ స్టేజీ ఎక్కి మీటరు చూస్తూనే ఉన్నాను. అంకె దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికి వచ్చింది. దాంతో పాటే స్పీకర్లలో ఆ గుయ్‌మనే రొద మళ్లీ మొదలైంది.

కిరణ్ ఏడుపు మొహం పెట్టాడు. "హమ్ వచ్చేసింది కదక్కా!"

ఆంథొనీ గారు విన్నారు. "రానీ బాబూ. గూడ్సు బండి కన్నా ఎక్కువ మోతా ఏటి?" అన్నారు. బూట్లు వేసుకోమని బతిమాలాను. "స్టేజీ మీద జోల్లా? వద్దమ్మా" అన్నారు. ఇంక వాదించే ఓపిక లేదు. తడి తివాచీ లాగించేసి, జనరేటర్ దగ్గర పరిచే రబ్బరు చాప తెప్పించి ఆయన కాళ్ల కింద వేయించాను. మళ్లీ మీటరు పెట్టి చూశాను. మళ్లీ చూశాను. అప్పుడు గానీ "ఇంక పాడండి" అనలేకపోయాను.

ఆ రోజు నుంచి నా సామాను లారీలో ఎర్త్ కడ్డీలు, రాగి తీగ, ఒక ట్రిప్పర్ పెట్టె లేకుండా బయల్దేరను. లీకేజీ రాగానే లైను కొట్టేసే స్విచ్చు అది. స్టేజీ పూజ మైకులు పెట్టకముందే చేయించేస్తాను. బావ కూడా ఇప్పుడు ఎర్త్ జోలికి పోడు, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి చెవి పట్టుకుని మరీ చెప్తున్నాడు. కానీ నేను నేర్చుకున్న అసలు సంగతి సామాన్లది కాదు. అనుమానం వచ్చినప్పుడు ఆపాలి. తప్పయితే పరువు పోతుంది, పోనీ. నా పనిలో వినసొంపు తర్వాతి మాట, ముందు మనిషి స్టేజీ మీంచి ప్రాణాలతో దిగాలి.

కచేరీ అయ్యాక ఆంథొనీ గారు మెట్లు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు. చెమటతో తడిసిపోయి ఉన్నారు. "ఎలాగున్నాదమ్మా పాట?" అని చిన్నపిల్లాడిలా అడిగారు. చుట్టూ జనం ఏడుస్తూ నవ్వుతూ ఆయన చెయ్యి ముట్టుకుంటున్నారు, అంత గొప్పగా పాడారన్నమాట. "చాలా బాగుందండీ" అన్నాను. ఒక్క ముక్క వినలేదు. ఆయన పాడినంతసేపూ నేను మిక్సర్ మా కుర్రాడికి వదిలేసి, జనరేటర్ మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసుకుని నిలబడి, ఆయన పెదాలు మైకుకి తగిలిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకున్నాను.