అద్దాల అల్మారీ తెరిచిన రెండో శనివారం

తోటి ఉద్యోగుల ముందు పరువు పోగొట్టుకోవడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. నాకు ఒక అల్మారీ తలుపు తెరిచేంతసేపు చాలింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, ఏమనుకోను.

డెబ్బైల చివర్లో వరంగల్‌లోని ఒక హైస్కూల్లో నేను లైబ్రేరియన్‌ని. వయసు ఇరవై నాలుగు, ఆత్మవిశ్వాసం నలభై ఎనిమిది. అప్పుడే జిల్లాలోని బడి లైబ్రేరియన్లం పదిహేనుమందిమి కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. నెలకోసారి, రెండో శనివారం, ఏదో ఒక బడిలో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లం. అందరూ కష్టాలే చెప్పేవారు. సుఖాలు నేనొక్కణ్నే చెప్పేవాణ్ని.

ఒక సమావేశంలో లేచి, మూడేళ్లలో మా లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం కూడా పోలేదని ప్రకటించాను. అల్మారీలకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటే ఎలా పోతాయని మీరు అడగొచ్చు. అక్కడెవరూ అడగలేదు.

సుగుణక్క మాత్రం నోట్‌బుక్ తీసి రాసుకుంది. పరకాలలో ఒక మిషన్ బడిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, మా అందరికీ పెద్దదిక్కు. "మా దాంట్ల ఏటా పది పన్నెండు పోతయి తమ్మీ. నువ్వెట్ల చేస్తున్నవో జర మాకు చూపియ్యి," అంది. ఆమె మాటలో వెటకారం లేదు. అదే నా కొంప ముంచింది.

వచ్చే సమావేశం మా బడిలోనే అన్నాను. ఆ రోజే కార్యదర్శి ఎన్నిక. గెలుపు మీద నాకెంత నమ్మకమంటే, 'కార్యదర్శి' అని నా పేరుతో రబ్బరు స్టాంపు కూడా చేయించుకున్నాను.

ముందురోజు మా అటెండర్ రాజయ్య వచ్చి, అల్మారీ వెనక నుంచి మట్టి రాలుతోందని, ఒకసారి తాళం తీసి దులుపుదామని అన్నాడు. అది గోడ సున్నమనీ, దులిపితే వరుస చెడుతుందనీ చెప్పి, అద్దాలు మాత్రం తళతళా తుడిపించాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటి తాళం తీయకుండానే రచ్చకు బయలుదేరాను.

శనివారం అందరూ వచ్చారు. హెడ్మాస్టరు గారూ వచ్చి నిలబడ్డారు. అద్దాల వెనక పుస్తకాలు కవాతుకు నిలబడ్డ పోలీసుల్లా ఉన్నాయి. తాళం తిరగలేదు. రాజయ్య నూనె చుక్క వేశాక తిరిగింది.

సుగుణక్క ఒక పుస్తకాన్ని పట్టి లాగింది. అట్ట చేతికొచ్చింది, పుస్తకం రాలేదు. లోపల కాగితాలుండాల్సిన చోట ఎర్రమట్టి, మట్టిలో చెదలు. అదొక్కటే అలా అయి ఉంటుందన్నాను. రెండోది తీసింది. అదీ అంతే. పై వరుస భేషుగ్గా ఉంటుందని స్టూలెక్కి నేనే లాగాను. ఎనిమిది పుస్తకాలు ఒకే ఇటుకలా అతుక్కుని వచ్చి, నా నెత్తిన దుమ్ము పోశాయి. మిర్చి మార్కెట్లో నిలబడ్డట్టు అందరికీ తుమ్ములు.

తుమ్ములు ఆగాక సుగుణక్క నిదానంగా అంది: "తమ్మీ, నువ్వన్నది నిజమే. ఒక్కటి గూడ బయటికి పోలే. అన్నీ ఈడనే పోయినయి."

హెడ్మాస్టరు గారు నవ్వారు. ఇక మిగతావాళ్లకు అడ్డేముంది? స్టూలు మీద నుంచి దిగాలో, అక్కడే ఉండిపోవాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్లూ పిల్లలకు అందకుండా కాపాడి, చెదలకు వడ్డించానని అప్పుడు అర్థమై కళ్లు చెమర్చాయి. దుమ్మన్నాను.

ఆమె చేతిసంచి పక్కన పెట్టి, కొంగు దోపి, ఎండలో జంపఖానా పరిపించింది. అజెండా పక్కకు పోయింది. సాయంత్రం దాకా సంఘమంతా కూర్చుని పేజీలు విడదీసింది, మట్టి దులిపింది, పుస్తకాల మధ్య పెట్టేందుకు వేపాకు ఆరబెట్టింది. సగం పుస్తకాలు బతికాయి. ట్రైనింగులో ఏడాది నేర్వనిది ఆ పూట నేర్చుకున్నాను.

చివర్లో ఎన్నిక జరిగింది. కార్యదర్శిగా సుగుణక్కను ఎన్నుకున్నారు. ఆమె లేచి, ఏడాదికోసారి అన్ని బళ్లకూ పోయి అల్మారీలు తెరిపించి చూసే పనికి నా పేరు ప్రతిపాదించింది. "ఇంత అనుభవమున్నోడు మనకు యాడ దొరుకుతడు?" అంది. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

ఆ ఎత్తిన చెయ్యి దించకుండానే, జిల్లా లైబ్రేరియన్లందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట తలుపు తెరిచి చూడనిదే నోరు తెరవను.