బయట బెంచీ మీద కూర్చున్న అక్క

ఎకో పరీక్షకని ఛాతీ మీద రాసే జెల్లు ఎంత చల్లగా ఉంటుందో! ఇన్నేళ్లయినా ఒళ్లు జలదరిస్తుంది. ఆ చల్లదనం తగిలితే చాలు, నాకు ఓబుళమ్మక్క గుర్తొస్తుంది. ఉరవకొండలో మా పక్కింట్లో ఉంటూ జాకెట్లు కుట్టేది. పుట్టుకతోనే నా గుండెకు లోపం. ఐదేళ్లప్పుడు ఆపరేషన్ చేసి సరిచేశారు, ఏటా అనంతపురంలో చూపించుకోమన్నారు. అమ్మ, నాయన కూలికి పోక తప్పదు గనుక నన్ను బస్సెక్కించి తీసుకెళ్లేది అక్కే. నేను లోపలికి వెళ్తే తను బయట బెంచీ మీద కూర్చునేది.

పదమూడేళ్లప్పుడు బడిలో నా ఛాతీ మీది మచ్చ చూసి వెక్కిరించారని ఏడుస్తూ అక్క దగ్గరికి పోయాను. తలుపు గడియ పెట్టి తన పైట జరిపింది. అచ్చం నా మచ్చే, నడిమధ్య, నిలువునా!

"నాకూ అదే ఆపరేషన్ మే. ఏమైనాది నాకు? పెండ్లయింది, ఇద్దరు పిల్లోళ్లు. ఏడుస్తావెందుకు?"

"మరి నువ్వెందుకు చూపించుకోవక్కా?"

"బాగైనాక మళ్ల ఎందుకు? చిన్నప్పుడు గడ్డ కోసినారని మా అత్తకు చెప్పినా. గుండె అని తెలిస్తే ఇంట్లో ఉండనిస్తాదా? ఎవురికీ చెప్పొద్దు, నా మీద ఒట్టు."

ఒట్టేశాను. ఆ రోజుతో నా సిగ్గు పోయింది. తలెత్తుకుని చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను. అదంతా ఆమె పెట్టిన ధైర్యమే.

"బాగున్నానని రావడం మానొద్దమ్మా. వాల్వు లీకవుతుంటే ఏళ్ల తరబడి తెలియదు," అనేవాడు డాక్టరు. బయటికొచ్చి ఆ మాటే చెప్తే అక్క నవ్వేది. "వాళ్లట్లనే అంటారులే. పద, బస్సు పోతాది." ఒకసారి బస్టాండు మెట్ల మీద ఆయాసంతో కూలబడింది. మిషను తొక్కి తొక్కి కాళ్లు పోయినాయంది. నమ్మాను. నమ్మడం ఎంత సులువు!

పోయిన ఎండాకాలం మిషను మీదే ఒరిగిపోయింది. నేను చూపించుకునే అనంతపురం ఆసుపత్రికే చేర్చాం. డాక్టరు ఆమె మచ్చ చూసి నావైపు తిరిగాడు.

"ఏటా నీతో వచ్చేది ఈమే కదూ? నా గది బయటే కూర్చుని వెళ్లిపోయేదా? ముందే వచ్చుంటే వాల్వు మార్చేవాళ్లం కదమ్మా!"

మూడో రోజు అక్క పోయింది. వాళ్లత్త గుండెలు బాదుకుంది.

"ఒక్క మాట చెప్పింటే నేనే ఎత్తుకోని పోయింటాను కదా తల్లీ! నిన్ను తరుముతాననుకుంటివా?"

నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నాకు అన్నేళ్లుగా తెలుసని ఆ ముసలామెకు ఈనాటికీ చెప్పలేదు.