గడువుకు ముందే తీరిన ఇంటి అప్పు

బ్రిటన్‌లోని స్వాన్సీ ఊళ్లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డించే గ్లెనిస్, ఇంటి అప్పు వాయిదా కట్టేసి ఊరుకునే మనిషి కాదు. జీతం పడగానే, చేతిలో మిగిలిన పౌండ్లన్నీ అదనంగా అసలుకు జమ చేసేస్తుంది. కోటు మోచేతుల దగ్గర చిరిగితే తోలుముక్క వేసి కుట్టుకుంటుంది. "ఏమే, బతికుండగా ఒక్కసారి స్పెయిన్ వెళ్లి ఎండ మొహం చూద్దామా?" అని మొగుడు క్లైవ్ ఏటా అడుగుతాడు. "ఎండ ఎక్కడికీ పోదయ్యా, పోతే ఇల్లే పోతుంది" అంటుందామె, చేతిలో పని ఆపకుండా.

ఇంకా ఆరేళ్ల గడువు ఉండగానే మొన్న అప్పు మొత్తం తీరిపోయింది. బ్యాంకు నుంచి తిరిగొచ్చిన గ్లెనిస్ ఎంతకీ లోపలికి రాలేదు. క్లైవ్ తలుపు తీసి చూస్తే, సన్నటి వానలో వీధికి అవతల నిలబడి ఇంటినే చూస్తోంది.

"తాళంచెవి మరిచిపోయావా ఏంటి?"

"లేదు. నా చిన్నప్పుడు వాయిదాలు కట్టలేదని మా సామాన్లన్నీ వీధిలో పడేశారు. అమ్మా నేనూ ఇలాగే ఎదురుగా నిలబడి చూశాం. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి పోవచ్చు కదా, అందుకే తొందర లేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ మాట చెప్పడం అదే మొదలు. క్లైవ్ లోపలికి రమ్మనలేదు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వానలోకి దిగి, వీధి దాటి, ఆమె పక్కన నిలబడ్డాడు.